రాత్రి రెండున్నరకి మెలకువ, మధ్యాహ్నం మత్తు: నడక, విశ్రాంతి, నిద్ర ఎలా సర్దుకోవాలి?

పాత నైట్ డెస్క్ (విద్యానగర్)

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు 67 ఏళ్లు. ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఏళ్లు డెస్క్‌లో పనిచేసి 2018లో రిటైరయ్యాను. అందులో ఇరవై రెండేళ్లు నైట్ డ్యూటీ. సాయంత్రం ఆరింటికి సీట్లో కూర్చుంటే జిల్లా పేజీలు ఒక్కొక్కటే వదులుతూ, సిటీ ఎడిషన్ ఆఖరి పేజీ వదిలేసరికి ఒంటిగంటన్నర అయ్యేది. ఆఫీసు వ్యాను అందర్నీ దించుకుంటూ మా సందు మొదట్లో నన్ను వదిలేసరికి రెండున్నర. అప్పుడు అన్నం తిని పడుకుంటే పొద్దున పదింటికి లేచేవాణ్ని. మా అబ్బాయి స్కూలు బస్సెక్కడం నేను చూసింది సెలవు పెట్టిన రోజుల్లోనే.

రిటైరయ్యాక కంటినిండా నిద్రపోవాలన్నది నా ఒకే ఒక్క కోరిక. అదే దొరకడం లేదు.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంది. రాత్రి పదింటికి పక్క ఎక్కుతాను. పదీ ముప్పావు ప్రాంతంలో నిద్ర పడుతుంది. రెండున్నరకి, అంటే వ్యాను దిగే వేళకి, ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. బాత్‌రూమ్‌కి వెళ్లొస్తాను. ఆ తర్వాత అటూ ఇటూ దొర్లడమే. విద్యానగర్ స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు, నాలుగింటికి పాల వ్యాను ట్రేలు దించే చప్పుడు, ఆ తర్వాత అజాన్, ఆ వెనకే గుడిలో సుప్రభాతం. అన్నీ వరసగా వింటాను. ఐదు కావస్తుండగా మళ్లీ కన్ను మూతపడుతుంది, ఆరింటికి అలారం.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి నా చేతికి ఒక వాచీ కట్టి, "రోజుకు పదివేల అడుగులు నాన్నా, తగ్గకూడదు" అని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి పొద్దున్నే ఓయూ క్యాంపస్‌కి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ దాటి చుట్టూ తిరిగి, గంటన్నరకు పైగా నడిచి వస్తున్నాను. వచ్చాక పేపర్, టిఫిన్, మళ్లీ పేపర్. కుర్చీ వదలను. కుడి మోకాలు వాచింది. ఒంటిగంటకి భోజనం చేయగానే మత్తు ముంచుకొస్తుంది, ఒంటిగంటంపావుకి పడుకుంటే మూడున్నరకి గానీ లేవను. లేచాక తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా ఉంటుంది. నాలుగింటికి టీ. ఆరున్నరకి పాత స్నేహితులతో ఇరానీ హోటల్లో ఇంకో చాయ్. రాత్రి టీవీ వార్తల ముందు ఒక అరగంట కునుకు.

పోయిన నెల ఒక రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్తూ కళ్లు తిరిగి తలుపు గడియ పట్టుకుని జారి కూలబడ్డాను. బకెట్ దొర్లిన చప్పుడుకి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. దెబ్బ తగల్లేదు. కానీ ఆమె మొహం చూశాక నాకు భయం వేసింది. ఆ రాత్రి త్వరగా నిద్ర పడుతుందని జలుబు మాత్ర ఒకటి వేసుకున్నాను, అది కూడా చెప్పాలి. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే "ఈ వయసులో ఇంతే" అని నిద్ర మాత్ర సగం వేసుకోమని రాసిచ్చారు. కొన్నాను, వేసుకోలేదు.

అబ్బాయి ఇంకా నడవమంటాడు. మా ఆవిడ "వయసు మీదపడింది, కాస్త నడుం వాల్చండి" అంటుంది. మా వదినగారు మధ్యాహ్నం అసలు పడుకోవద్దంటారు. ముగ్గురూ నా మంచికే చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? ఎంత నడవాలి, పగలు పడుకోవచ్చా, రెండున్నరకి లేచాక ఏం చేయాలి?

ఒక్కమాట. 2017 అక్టోబర్ 2న వైద్యశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి, ఒంట్లోని గడియారం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు. వార్తా ఏజెన్సీ పంపిన ఆ కాపీ తెలుగు చేసి పేజీలో పెట్టింది నేనే. రాత్రి పదకొండు దాటింది. వెలుగు, చీకటి, జీవకణాలు అని రాసుకుంటూ పోయాను గానీ, నా ఒంట్లో ఉన్న గడియారం సంగతి ఆ పూట నాకు తట్టలేదు. ఇప్పుడు తరచూ గుర్తొస్తుంది.


మల్కాజిగిరి సిస్టర్

సార్ నమస్తే. నేను ప్రభుత్వాసుపత్రిలో 35 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఎముకల వార్డు. బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగి వచ్చిన మీ వయసువాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. అందుకే మీరు కూలబడిన సంగతి చదవగానే అన్నం మధ్యలో లేచి ఇది రాస్తున్నాను.

ముందు ఆ జలుబు మాత్ర మానేయండి. మనకు దొరికే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. మత్తు దానివల్లే. పెద్దవాళ్లలో అది తూలేలా చేస్తుంది, మతిమరుపు, తికమక తెస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు ఒక్కోసారి మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. అట్లాంటి కేసులకు అర్ధరాత్రి నేనే గొట్టం వేసిన రోజులున్నాయి. నిద్ర మాత్ర వేసుకోకపోవడం మంచిపనే. పడిపోయే ప్రమాదాన్ని అది పెంచుతుంది. ఇప్పటికే రోజూ వేసుకునేవాళ్లు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసినవే లెక్క కట్టాను సార్. రాత్రి పది నుంచి ఆరు దాకా ఎనిమిది గంటలు, మధ్యాహ్నం రెండుంపావు, టీవీ ముందు అరగంట. రోజులో దాదాపు పదకొండు గంటలు ఒళ్లు వాల్చే ఉంటున్నారు. అందులో నిజంగా నిద్రపోయింది ఎంత? రాత్రి మూడు ముప్పావు, తెల్లవారుజామున గంటకు పైగా, మధ్యాహ్నం రెండు, టీవీ ముందు అర. ఏడున్నర గంటలు! అరవై ఐదు దాటినవాళ్లకు ఏడు నుంచి ఎనిమిది గంటలు చాలంటారు. అంటే మీకు నిద్ర తక్కువ కాలేదు. నాలుగు ముక్కలైంది. ముక్కలైన నిద్రలో గాఢనిద్ర సరిగా దొరకదు, అందుకే లేచాక దిమ్ము.

నిద్ర కూడా ఆకలిలాంటిదే. పొద్దున లేచినప్పటి నుంచి మెలకువగా ఉన్న ప్రతి గంటా ఆ ఆకలి పెరుగుతూ వస్తుంది. సాయంత్రం ఆరింటికి కడుపునిండా మిర్చిబజ్జీలు తిని రాత్రి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగుతుందా? మధ్యాహ్నం రెండు గంటలు, ఎనిమిదింటికి అరగంట పడుకున్న మనిషికి రాత్రి నిద్ర కూడా అంతే.

మీ వదినగారు చెప్పినట్టు పూర్తిగా మానేయండి అని నేననను. భోజనం తర్వాత ఆ వేళకి కళ్లు మూతలు పడటం ఒంటి గడియారంలో ఉన్నదే, అన్నం ఒక్కదాని తప్పు కాదు. ఒంటిగంటన్నరకి వాలు కుర్చీలో కూర్చోండి, మంచం మీద వద్దు. ఇరవై ఐదు నిమిషాలకు అలారం. రెండింటికల్లా లేచి మొహం కడుక్కోవాలి. మంచం మీద పడుకుంటే అలారం ఆపేసి మళ్లీ పడుకుంటారు, నా అనుభవం ఇది.

రాత్రి పదకొండు దాకా మంచం ఎక్కొద్దు. పొద్దున ఐదున్నరకి లేవండి. రాత్రి ఎంత తక్కువ పడుకున్నా ఐదున్నరే, ఆదివారం కూడా ఐదున్నరే. రెండున్నరకి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి హాల్లోకి వెళ్లండి. చిన్న బల్బు వేసుకుని, విసుగు పుట్టించే పని ఏదైనా చేయండి. ఫోన్ ముట్టొద్దు, గడియారం చూడొద్దు. కళ్లు బరువెక్కితేనే మళ్లీ మంచం. మంచం అంటే దొర్లే చోటు అని ఒంటికి అలవాటైపోయింది, అది నిద్రపోయే చోటని మళ్లీ నేర్పాలి. ఇది నా సొంత కవిత్వం కాదు. నిద్రలేమికి మాత్రల కంటే ముందు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చే చికిత్స) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. నేను చెప్పినవి అందులోని భాగాలే. మొదటి పది రోజులు కష్టంగా ఉంటుంది. పగలు తూగుతారు, చిరాకు వస్తుంది. ఆ రోజుల్లో బండి నడపొద్దు.

ఆరున్నర చాయ్ తీసేయండి. కెఫీన్ సగం తగ్గడానికి ఐదు గంటల దాకా పడుతుంది. పదకొండున్నరకి కూడా ఆ చాయ్‌లో సగం మీ ఒంట్లోనే ఉంటుంది. స్నేహితుల దగ్గరికి వెళ్లడం మాత్రం మానొద్దు సార్, అది కూడా మందే.

మీకు రాత్రి బాత్‌రూమ్‌కి ఎన్నిసార్లు? సాయంత్రానికి కాళ్లు వాస్తాయా, సాక్సు గుర్తు పడుతుందా? బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) ఏమైనా వాడుతున్నారా, ఏ పూట వేసుకుంటారు? ఇవి చెప్పండి. షుగర్, ప్రోస్టేట్ పరీక్షలు చేయించుకోండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు నిలబడండి. దారిలో చిన్న లైటు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి ఒక రాడ్. ఈ రెండూ ఈ వారంలోనే పెట్టించండి.


అల్వాల్ పెద్దాయన, 74

మెలకువ రాగానే ఇంత టెన్షన్ ఎందుకు తమ్ముడూ? నాది మెదక్ దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇప్పటికీ రాత్రి ఎనిమిదిన్నరకి పడుకుంటాను, మూడున్నరకి లేస్తాను. మూడున్నరకి మా నాయన కూడా లేచేవాడు, బర్రెలు పాలకు వచ్చే వేళ. ఇంట్లోవాళ్లు నాకు నిద్ర పట్టని జబ్బు ఉందని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. నాకు ఏ జబ్బూ లేదు. లేచి కుండీలకి నీళ్లు పోసి, జొన్న రొట్టెకి పిండి కలిపి పెడతాను. ఊరికే పడుకుని పైకి చూస్తూ ఉండొద్దు, అంతే నేను చెప్పేది.


మల్కాజిగిరి సిస్టర్

అన్నగారూ, మీది ఏడు గంటల నిద్ర, ఒకే ముక్క. వయసు పెరిగితే ఒంటి గడియారం ముందుకు జరుగుతుంది, త్వరగా నిద్ర, త్వరగా మెలకువ. అది జబ్బు కాదు. ఈ సార్‌ది అట్లా కాదు, ఆయన పగలు అలిసిపోయి తూగుతున్నారు. ఆ తేడా చూడాలి.


తార్నాక లెక్కల మాస్టారు

నేను రిటైర్డ్ మ్యాథ్స్ లెక్చరర్ని. నాకు మీ పదివేల అంకె మీదే ఆసక్తి. అది ఏ డాక్టరూ పెట్టిన లెక్క కాదండీ. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. ఆ మరుసటి ఏడాది జపాన్‌లో నడుముకి పెట్టుకుని అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకి అర్థమే "పదివేల అడుగుల మీటరు". పేరు గుండ్రంగా ఉంది, నిలిచిపోయింది.

అమెరికాలో సగటు వయసు 72 ఉన్న పదహారు వేలమందికి పైగా మహిళల మీద చేసిన పరిశీలన 2019లో వచ్చింది. రోజుకు దాదాపు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు చాలా తక్కువ. 7,500 దాకా లాభం పెరుగుతూ వచ్చింది, ఆ పైన పెద్దగా తేడా కనిపించలేదు. మగవాళ్ల మీద చేసింది కాదు, అయినా మోకాలు వాచేలా పదివేలు పూర్తి చేయాల్సిన పని లేదని తెలుస్తోంది కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. 300 దాకా అయితే ఇంకా మంచిది. మీరు రోజుకు తొంభై నిమిషాలు, అంటే వారానికి 630. నడక విషయంలో మీరు ఎప్పుడో దాటేశారు. కానీ వాళ్లు ఇంకో రెండు చెప్పారు, వాటిలో మీకు సున్నా: వారానికి రెండు రోజులైనా కండరాలకు బలం వచ్చే కసరత్తు, మూడు రోజులైనా తూలకుండా నిలబడే కసరత్తు. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం తగ్గించమని కూడా చెప్పారు. టైమంతా ఒకే ప్రశ్నకి పెట్టి మిగతా పేపర్ వదిలేసిన పిల్లవాడు గుర్తొచ్చాడు నాకు.


పాత నైట్ డెస్క్ (విద్యానగర్)

అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్‌గారూ, రాత్రి రెండుసార్లు వెళ్తాను. సాక్సు గుర్తు పడుతుంది. బీపీ మాత్రలు రెండు, అందులో ఒకటి నీళ్ల మాత్రేనని మందుల షాపతన్ని అడిగితే చెప్పాడు. రెండూ రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నాను. పొద్దున మర్చిపోతున్నానని నేనే రాత్రికి మార్చుకున్నాను.

మాస్టారూ, మీరు చెప్పింది చదివి వాచీ తీసి బీరువాలో పెట్టాను. మరి మోకాలికి ఏం చేయాలి?


మల్కాజిగిరి సిస్టర్

అయ్యో సార్! నీళ్ల మాత్ర రాత్రి వేసుకుంటే ఒంట్లో నీళ్లు రాత్రే బయటికి పోతాయి. రేపే మీ డాక్టర్ని అడిగి పొద్దుటికి మార్పించుకోండి. కాళ్ల వాపు ఎందుకో కూడా చూపించుకోండి. వాపు నీరు పగలంతా కాళ్లలో ఉండి, మీరు పడుకోగానే పైకి వచ్చి మూత్రంగా మారుతుంది. సాయంత్రం నాలుగింటికి ఒక అరగంట కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టుకుని కూర్చోండి, నిద్రపోకుండా. ఆ నీరు పగలే పోతుంది.

మోకాలికి: వాపు తగ్గేదాకా ఒకేసారి గంటన్నర వద్దు. పొద్దున అరగంట, ఎండ మొహాన పడేలా. ఒంటి గడియారానికి తాళం తిప్పేది ఆ వెలుగే. సాయంత్రం ఇరవై నిమిషాలు. మధ్యలో ప్రతి గంటకీ కుర్చీ వదిలి ఐదు నిమిషాలు.

ఇంకోటి, ఇవాళే చేయండి. చేతులు లేని కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో మేడమ్‌గారిని లెక్కపెట్టమనండి. మీ వయసు మగవాళ్లకి పన్నెండు కంటే తక్కువైతే కాళ్లలో బలం తగ్గినట్టు. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

పడుకుంటే బలం వస్తుందని మనవాళ్ల నమ్మకం. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. పది రోజులకే కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. వార్డులో నేను కళ్లారా చూసింది కూడా ఇదే. ఆపరేషన్ బాగా జరిగినా, "పాపం పెద్దాయన, పడుకోనివ్వండి" అని ఇంట్లోవాళ్లు లేపనివ్వని పేషెంట్లే మళ్లీ నడవలేకపోయేవారు.

ఒకటి అడగొచ్చా సార్? మేడమ్‌గారికి నిద్ర ఎలా పడుతుంది?


పాత నైట్ డెస్క్ (విద్యానగర్)

తొమ్మిదిసార్లు లేచాను. పదోది సగంలో ఆగిపోయాను.

మా ఆవిడకి 63. పదిన్నరకి దిండు మీద తల పెడితే ఐదింటిదాకా కదలదు. ఆమె ఎప్పుడూ వాకింగ్‌కి రాలేదు. మీరు అడిగాక నిన్న పొద్దుటి నుంచి గమనించాను. వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది, మోటారు వేయడానికి కిందికి దిగి ఎక్కింది, బట్టలు మేడ మీద ఆరేసి వచ్చింది, కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరిగి లేచింది, కొత్తిమీర కోసం సందు చివరిదాకా వెళ్లొచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకే నాలుగుసార్లు మెట్లెక్కింది. అప్పటికి నేను రెండో పేపర్ మూడో పేజీలో ఉన్నాను. పగలు పడుకోవడం చూడలేదు. పడుకోవడానికి ఆమెకి తీరిక లేదని నిన్నే గమనించాను.


కూకట్‌పల్లి నుంచి, అమ్మ కోసం చదువుతున్నాను

అంకుల్, మీకు గురక ఉందేమో ఆంటీని అడగండి. మా అమ్మ కూడా ఇలాగే రాత్రి లేచేది, పగలంతా తూగేది. వయసే అనుకున్నాం. ఒక రాత్రి నేను పక్కన పడుకున్నప్పుడు విన్నాను, గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయి, ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటోంది. పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే మెషీన్ పెట్టుకున్నాక మనిషే మారిపోయింది. ఎంత వాకింగ్ చేసినా, ఎంత క్రమంగా పడుకున్నా అది ఉంటే దాని వైద్యం దానికే చేయించాలి.


పాత నైట్ డెస్క్ (విద్యానగర్)
ఏడు వారాల తర్వాత

ఏమైందో చెప్పకుండా ఉండటం మర్యాద కాదని రాస్తున్నాను.

ముందు పరీక్షలు. షుగర్ లేదు. ప్రోస్టేట్ కొంచెం పెరిగింది, మాత్ర ఇచ్చారు. అది వేసుకున్నాక లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చని, మెల్లగా లేవమని డాక్టర్‌గారు మరీ మరీ చెప్పారు. నీళ్ల మాత్ర పొద్దుటికి మారింది. రాత్రి ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నాను. గురక ఉందట గానీ ఊపిరి ఆగడం లేదట. మా ఆవిడ రెండు రాత్రులు మేలుకుని విని చెప్పింది. బాత్‌రూమ్ గోడకి స్టీలు రాడ్ బిగించాం.

మొదటి పది రోజులు చాలా కష్టమైంది. పదకొండు దాకా మేలుకోవడం నాకు లెక్క కాదనుకున్నాను, రాత్రి రెండుదాకా మేలుకున్న మనిషిని కదా. తొమ్మిదికే కళ్లు మూతలు పడేవి. టీవీ ముందు కూర్చుంటే నిద్రపోతానని ఆ వేళకి గిన్నెలు తోమడం నా పనిగా పెట్టుకున్నాను. నిలబడి, నీళ్లలో చేతులు పెట్టి ఉంటే నిద్ర రాదు. ఐదో రోజు మధ్యాహ్నం కుర్చీలో అలారం మోగితే ఆపేసి గంటన్నర పడుకున్నాను. ఆ రాత్రి మళ్లీ పాతకథే. ఆ తర్వాత ఆ తప్పు చేయలేదు.

రెండున్నరకి మెలకువ వచ్చినప్పుడు హాల్లోకి వెళ్లి, మేడ మీంచి తెచ్చి కుర్చీలో పడేసిన బట్టలు మడతపెట్టేవాణ్ని. పంచె నాలుగు మడతలు, చీర ఎనిమిది మడతలు. చీర ఒక్కడే మడతపెట్టడం ఎంత కష్టమో తెలిసింది. ఒక కొస తలుపు గడియకి తగిలించి, రెండో కొస చేత్తో పట్టుకుని వెనక్కి నడవాలి. మూడో చీర అయ్యేసరికి ఆవలింతలు వచ్చేవి. నేను జారి కూలబడిన రోజున పట్టుకున్న గడియే అది.

నాలుగో వారం నుంచి మార్పు కనిపించింది. పదకొండుకి పడుకుంటే పదకొండుంపావుకి నిద్ర. మెలకువ నాలుగున్నరకి వస్తోంది, కొన్నిసార్లు ఐదుకి. వారంలో ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ రెండున్నరకే లేస్తున్నాను. అప్పుడు బట్టలున్నాయి. ఇదివరకటిలా భయం లేదు. మొత్తం మీద రాత్రి ఐదున్నర గంటలకు దగ్గరగా, మధ్యాహ్నం కుర్చీలో ఇరవై నిమిషాలు. ఈ వారం నుంచి పావుగంట ముందే పడుకుంటున్నాను.

పొద్దున ఓయూకి ఇప్పుడూ వెళ్తున్నాను, అరగంటే. వెళ్లేటప్పుడు ఎండ మొహాన పడుతుంది. మోకాలి వాపు తగ్గింది. ఆరున్నరకి ఇరానీ హోటల్‌కి నడిచే వెళ్తాను, ఉస్మానియా బిస్కెట్ ఒకటి తింటాను, చాయ్ తాగను. మొదటి రెండు రోజులు స్నేహితులు బలవంతం చేశారు. కారణం చెప్పాక వాళ్లలో ఇద్దరు తమ నిద్ర సంగతి చెప్పుకొచ్చారు. నలభై ఏళ్లుగా తెలిసినవాళ్లం, ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంట్లో పని కొంత నేను తీసుకున్నాను. పొద్దున మోటారు, మేడ మీద బట్టలు, కూరగాయలు తరగడం. కత్తిపీట ముందు నేల మీద కూర్చోవడం వచ్చింది గానీ, లేవడానికి మొదట్లో రెండు చేతులూ నేలకి ఆనించేవాణ్ని. ఇప్పుడు ఒక చెయ్యి చాలు. మధ్యాహ్నం మూడింటికి మా ఆవిడ పడక గదిలో ఒక అరగంట నడుం వాలుస్తోంది. పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో ఆ వేళకి ఆమె పడుకుని ఉండగా నేను మేలుకుని ఉండటం ఇదే మొదలు. నైట్ డ్యూటీ రోజుల్లో నేను పగలు పడుకుంటే పిల్లవాడు ఏడవకుండా, కుక్కర్ విజిల్ రాకుండా ఇల్లంతా ఆమె కాళ్లమునివేళ్ల మీద నడిచేది. ఇప్పుడు ఆ అరగంట ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి నేను హాల్లో కూర్చుంటున్నాను.

కుర్చీలోంచి నిన్న పన్నెండుసార్లు లేచాను. లెక్కపెట్టింది మా ఆవిడే. తర్వాత ఆమె కూడా కూర్చుంది. పదిహేను.


మల్కాజిగిరి సిస్టర్

పన్నెండంటే చాలా సంతోషం సార్. మేడమ్‌గారికి నా నమస్కారం చెప్పండి.

ఇక తూలకుండా ఉండే కసరత్తు మొదలుపెట్టండి. వంటింటి గట్టు రెండు చేతులా పట్టుకుని, కుడికాలి మీద ఒకసారి, ఎడమకాలి మీద ఒకసారి. పది సెకన్లు నిలవడం వచ్చాక ఒక చెయ్యి వదలండి. చెప్పులు లేకుండా, నేల పొడిగా ఉన్నప్పుడు చేయండి, పక్కన ఆమె ఉండాలి. ఏ కాలు ముందు తూలుతోందో చూసి ఇక్కడ రాయండి.